వ్యాపార యాత్రకు ఆహ్వాన పత్రము

(పద్మశాలి మహాసభ వాణిజ్య గోష్ఠియందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు నూలు ధరలను గూర్చియు, సహకార సంఘములను గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు పెద్దలు సెలవిచ్చియున్నారు. నాకు నియమింపబడిన విషయము కాగితములకు సంబంధించినది. వ్యాపారార్థము విదేశమునకు పోదలచినవానికి ఆహ్వాన పత్రమును, వీసాయును లభించు విధమును మనవి చేయవలసినదని కార్యవర్గమువారు ఆజ్ఞాపించిరి. కాగితము చిన్నదే యైనను, దానివలన నిలుచు గౌరవమును పోవు ధనమును చిన్నవి కావు.

మన వస్త్రము సముద్రము దాటుట క్రొత్త కాదు. నూనెయు, ఆముదపు కాయల బూడిదయు కలిపిన నీటిలో నూలును పదను చేసి, ఎఱుపు నలుపు తెలుపు రంగులతో చీరాల ప్రాంతమున నేసిన తేలియా రుమాలు అరబ్బు దేశములకు ఎగుమతి యగుచుండెడిది. ఆ విద్య నేడు పుట్టపాకయందు నిలిచియున్నది; 2020లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. పోచంపల్లి ఇక్కతుకు అంతకు పూర్వమే 2005లో లభించినది. అయితే సోదరులారా, వస్త్రము పోయినది గాని నేసినవాడు పోలేదు. కొనువాని ముఖమును మనము చూడలేదు. మన ముఖమును కొనువాడు చూడలేదు. నడుమనున్నవాడే యిరువురకును ధర చెప్పెను. నేడు మన పిల్లలు స్వయముగా పోయి బేరమాడ సమర్థులై యున్నారు. కావున వీసా యను నీ విషయము ఏ యొక్కరి సొంత పనియో కాదు. కులవృత్తి మనుగడకు సంబంధించినది.

మన మిప్పుడు కూడియున్న హైదరాబాదు నగరమునే చూడుడు. ఆబిడ్స్ అను పేరెట్లు వచ్చినది? ఆరవ నిజాము కాలమున ఆల్బర్ట్ ఆబిడ్ అను విదేశీయుడు వచ్చి పెట్టిన దుకాణమువలన వచ్చినది. పరదేశి వర్తకునకు మన నగరము చోటిచ్చి, తుదకు వీథికి వాని పేరే పెట్టుకొనినది. ఇక నాంపల్లిలో 1938లో పబ్లిక్ గార్డెన్సునందు ఆరంభమై, 1946లో నేటి మైదానమునకు మారిన నుమాయిష్ ప్రతి జనవరియందును జరుగుచున్నది. అదే జనవరి మాసమున జర్మనీ దేశపు ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున గృహవస్త్రముల ప్రదర్శనము హైమ్‌టెక్స్‌టిల్ జరుగును. నుమాయిష్‌లో దుకాణము పెట్టుటకు అద్దె చెల్లించిన చాలును. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పెట్టుటకు, నీవెవడవో, ఎందుకు వచ్చుచున్నావో, మరల పోవుదువో లేదో అను మూడు ప్రశ్నలకు ముందుగా సమాధానము చెప్పవలయును. వీసా దరఖాస్తన ఈ మూడు ప్రశ్నలే.

ఆహ్వాన పత్రము వేరు, వీసా వేరు అని మొదట గ్రహింపుడు. శుభలేఖ చేతికి వచ్చినంత మాత్రమున రైలులో చోటు దొరకునా? ఆహ్వానము రెండవ ప్రశ్నకు మాత్రమే సమాధానము. అది పిలిచెడి సంస్థవారి శీర్షిక గల కాగితముపై, సంతకము చేసినవారి పేరు, హోదా, చిరునామాలతో నుండవలెను. పోవువాని పేరు, పాసుపోర్టు సంఖ్య, వచ్చు దినము, పోవు దినము, చేయబోవు పని, ఇదివరలో జరిగిన వ్యాపారము, ఖర్చులు భరించువారెవరు అనునవి స్పష్టముగా నుండవలెను. ప్రదర్శనమునకైనచో, నిర్వాహకులతో చేసికొనిన ఒప్పందమును, చెల్లించిన రుసుముల రసీదును జతచేయవలెను.

ఇచ్చట మన తెలుగువారి చిక్కొకటి కలదు. ఇంటిపేరును మనము పొడి యక్షరముగా వ్రాయుదుము. పదవ తరగతి పత్రమున ఇంటిపేరు ముందు, పాన్ కార్డున వెనుక, బ్యాంకు పుస్తకమున అసలే లేకయుండును. పాసుపోర్టులో నున్న పేరే, ఉన్న వరుసలోనే, ఆహ్వాన పత్రమునందును ఉండవలెను. కొందఱు పెద్దల పాసుపోర్టులలో ఇంటిపేరు గడి ఖాళీగా నుండును. సందర్శక వీసాపై వచ్చు అట్టి ఒంటిపేరు వారిని రానీయమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్సువారు 2022 నవంబరులో ప్రకటించిరి. కావున ఆహ్వానము కోరుటకు ముందే పాసుపోర్టును సరిచేసికొనుడు.

మొదటి ప్రశ్నకును, మూడవ ప్రశ్నకును సమాధానము మన యింటనే యున్నది. ఎగుమతి దిగుమతి కోడ్, జీఎస్టీ నమోదు, ఆదాయపు పన్ను రిటర్నులు, బ్యాంకు లెక్కలు, సంఘ సభ్యత్వము, మగ్గములు గల యిల్లు, చదువుకొనుచున్న బిడ్డలు: ఇవియే మనము తిరిగి వత్తుమనుటకు సాక్ష్యములు. ఎగుమతి కోడునకు ప్రభుత్వ రుసుము 500 రూపాయలు మాత్రమే. అయితే దానిని ఏటేట ఏప్రిల్, జూన్ మాసముల నడుమ ధ్రువపఱచుకొననిచో అది నిలిచిపోవును. దరఖాస్తునకు ముందు వారమున అప్పు తెచ్చి బ్యాంకులో వేసిన సొమ్ము ఎవరిని నమ్మింపజాలదు. ఏడాది పొడవున వచ్చిపోయిన చిన్న మొత్తములే నమ్మించును. రొక్కముతోనే బేరము ముగించు మన యలవాటు ఇచ్చట మనకు శత్రువగుచున్నది.

ఈ పనులకు దూరము పోనక్కఱలేదు. చేనేత, జౌళి శాఖవారి చేనేత భవనము నాంపల్లియందే యున్నది. ఆ సమీపముననే రెడ్‌హిల్స్‌లో, 1917లో స్థాపితమైన వాణిజ్య, పరిశ్రమల మండలి కలదు. ఎగుమతి సరకునకు మూలదేశ ధ్రువపత్రము లచట లభించును. నమూనా వస్త్రములను ప్రదర్శనమునకు గొనిపోయి మరల తెచ్చుకొనువారు, సుంకము లేకుండ దాటించు ఏటీఏ కార్నే అను పత్రమును ఫిక్కీ సంస్థ ద్వారా పొందవచ్చును.

దేశభేదమును బట్టి రీతులు మాఱును. ఐరోపాయందలి 29 షెంగెన్ దేశములకు ఒకే స్వల్పకాలిక వీసా చాలును. ఏ 180 దినములందైనను 90 దినములకు మించి యుండరాదు. ప్రయాణమునకు 6 మాసములలోపల, 15 దినములకు తక్కువ కాకుండ దరఖాస్తు చేయవలెను. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా యుండవలెను. 2024 జూన్ నుండి రుసుము 90 యూరోలు. వీసా నిరాకరించినను అది తిరిగి రాదు. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున 1957 నుండి జరుగుచున్న కాంటన్ ప్రదర్శనమునకు పోవువారికి నిర్వాహకులే ఆహ్వానము పంపుదురు. అమెరికా బి-1 వీసాకు ఆహ్వాన పత్రము తప్పనిసరి కాదు. వచ్చువాడు స్థిరపడుటకే వచ్చుచున్నాడని వారి చట్టము మొదట తలచును. కాదని చూపు భారము మనది. 2008లో బేగంపేటయందు తెఱువబడి, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు మారిన వారి కాన్సులేటున సంభాషణ కొలది నిమిషములే జరుగును. కాగితముల కట్టకన్న, తన వ్యాపారమును తానే రెండు మాటలలో చెప్పగల నేర్పు అచ్చట మిన్న.

ఇక కఠినమైన మాట యొకటి చెప్పవలసియున్నది. ఆహ్వాన పత్రములను అమ్మువారు కలరు. ఎన్నడును వ్యాపారము చేయని సంస్థ పేర పత్రము తెచ్చి, లెక్కలు కల్పించి, వీసా తప్పదని సొమ్ము పుచ్చుకొందురు. వీసా యిచ్చుట ఆ దేశ ప్రభుత్వపు సొత్తు. తప్పదని చెప్పగలవాడు భూమిపై లేడు. దొంగ పత్రము బయటపడినచో బ్రిటన్ 10 సంవత్సరముల వరకు ద్వారము మూయును. అమెరికా యావజ్జీవము మూయవచ్చును. 2015 నవంబరు నుండి మన దేశపు షెంగెన్ దరఖాస్తుదారుల వ్రేలిముద్రలును ఐరోపావారి కొట్టులో చేరుచున్నవి. ఒక దేశమున తిరస్కరింపబడిన సంగతి తక్కిన దేశములకును తెలియును. నష్టము వానితో పోదు. ఆ యూరినుండి, ఆ సంఘమునుండి పిమ్మట పోవు నిజమైన నేతగాని మాటయు అనుమానాస్పదమగును.

అంతకన్న ఘోరము మఱియొకటి. సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాదు ప్రాంతముల పేదలకు వ్యాపార వీసా యనియో సందర్శక వీసా యనియో చేతికిచ్చి, కూలిపనికి గల్ఫ్ దేశములకు పంపువారు కలరు. అట్టి వీసాపై పనిచేయుట అచట నేరము. జీతము రాకున్న అడుగుటకు ఒప్పంద పత్రము ఉండదు; గడువు దాటినచో జరిమానా, చెఱసాల. 1983 నాటి వలసల చట్టము ప్రకారము నమోదైన ఏజెంటు మాత్రమే విదేశమున పని యిప్పించవలెను. వాని రుసుము పన్ను గాక 30,000 రూపాయలకు మించరాదు. వాని నమోదు సంఖ్యను ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ జాలస్థలియందు ఎవరైనను చూచుకొనవచ్చును. మగ్గమునమ్మి అప్పు తీర్చలేక యేడ్చు కుటుంబములు మన వాడలలో నున్నవి. వారి మాట ఈ సభలో వినబడకున్న, వ్యాపార యాత్రను గూర్చిన మన మాటలన్నియు వ్యర్థములు.

పోవుట యొక్కటే మార్గము కాదు, పిలుచుటయు మార్గమే. 2021లో భూదాన్ పోచంపల్లి ప్రపంచ పర్యాటక సంస్థవారిచే ఉత్తమ పర్యాటక గ్రామములలో నొకటిగా ఎన్నుకొనబడినది. విదేశీ వర్తకులకు మన ప్రభుత్వము ఈ-బిజినెస్ వీసా యిచ్చుచున్నది. దానికి మనమే ఆహ్వాన లేఖ వ్రాయవచ్చును. అయితే మన లేఖకును విలువ యుండవలెనన్న, మనము వ్రాసిన ప్రతి లేఖయు సత్యమై యుండవలెను.

కావున మూడు విన్నపములు. ఒకటి: సంఘ కార్యాలయమున వారమునకొకనాడు, చదువుకొనిన యువకులిద్దఱు కూర్చుండి, దరఖాస్తుదారుల కాగితములను ఉచితముగా చూచి పెట్టవలెను. రెండు: సంఘము తరఫున ఎవరికైనను పరిచయ లేఖ యిచ్చినచో, వాని మగ్గమును, లెక్కలను చూచిన పిమ్మటనే యీయవలెను, చందా యిచ్చినవాడని యీయరాదు. మూడు: దాతలు ఏటేట నలుగురు నేత కార్మికుల కైనను విదేశ ప్రదర్శన రుసుమును భరింపవలెను, అందిద్దఱు స్త్రీలై యుండవలెను. చిటికి కట్టి, రంగు వేసి, కండె చుట్టెడి చేతులు సగము వారివే గదా!

2024 సెప్టెంబరు 9న నాంపల్లి లలిత కళాతోరణమున భారతీయ చేనేత సాంకేతిక సంస్థ ప్రారంభమైనది. దానికి మన కొండా లక్ష్మణ్ బాపూజీ పేరు పెట్టబడినది. అచ్చట చదువు పిల్లలు రేపు లోకమంతయు తిరుగుదురు. వారి చేతిలో నుండు పత్రమును చూచి పరదేశపు అధికారి అనుమానింపకుండుటకు నేడు మనము సత్యముగా నడచుకొనవలెను. తాత నేసిన గుడ్డ చేరిన రేవులకు మనుమడు తలయెత్తుకొని చేరు గాక!