విరిగిన విమానము – మిగిలిన భాగములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



పల్లెటూరిలో ఎడ్లబండి బోల్తాపడినచో దాని నెవరును పారవేయరు. వడ్రంగి వచ్చి చూచును. విరిగిన నొగను విప్పి పక్కన బెట్టును. చెడని చక్రమును, ఇరుసును, కాడిని వేరుచేసి మరియొక బండికి అమర్చును. చక్రపు ఇనుపపట్టా కమ్మరి కొలిమికి పోవును. దేనికిని కొరగాని కర్ర పొయ్యిలోనికి పోవును. ఆకాశమున నెగురు విమానము నేలగూలినప్పుడును ఇంచుమించు ఇట్లే జరుగును. అయితే ఒక భేదము గలదు. దారిలో చక్రము ఊడినచో బండివాడు దిగి నిలబడగలడు. ఆకాశమున ఒక బోల్టు ఊడినచో దిగి నిలబడుటకు చోటులేదు. దెబ్బతిన్న విమానముల నుండి పనికివచ్చు భాగములను ఏరుకొను వృత్తికి సంబంధించిన నియమము లన్నియు ఈ ఒక్క భేదము నుండియే పుట్టినవి.

చిన్న విమానము లనగా ఇద్దరో, నలుగురో కూర్చుండుటకు వీలైనవి. శిక్షణకు, పైరులపై మందు చల్లుటకు, రోగులను చేరవేయుటకు ఇవి ఉపయోగపడును. వీనిలో పేరెన్నికగన్న సెస్నా 172 అను విమానము 1956లో విపణికి వచ్చినది. నేటివరకు 44,000కు పైగా తయారైనవి. నలుబది యేండ్లు, యేబది యేండ్లు గడచినవి కూడ ఎన్నియో నేటికిని ఎగురుచున్నవి. ప్రాతవానికి క్రొత్త తలుపో, చక్రపు బ్రేకో కావలసినప్పుడు కర్మాగారమున అది దొరకకపోవచ్చును. దొరికినను వెల మిక్కుటముగా నుండును. అట్టి సమయమున, వేరొకచోట గాలివానలో తలక్రిందులైన అదే జాతి విమానము అక్కరకు వచ్చును. మరమ్మతు ఖర్చు విమానపు వెలను మించినదని తేలినచో భీమా కంపెనీ యజమానికి సొమ్ము చెల్లించి శిథిలమును అమ్మివేయును. దానిని కొని, విప్పి, భాగములను వేరువేరుగ అమ్ము వర్తకులు అనేక దేశములలో గలరు. ఒక విమానము తాను పోయి నాలుగింటిని బ్రతికించుట ఈ వర్తకములోని మేలు.

ఈ పని నిన్న మొన్న పుట్టినది కాదు. 1940లో బ్రిటనుపై జర్మనీ విమానదాడులు సాగినప్పుడు, విమానోత్పత్తి మంత్రియైన లార్డ్ బీవర్‌బ్రూక్ క్రొత్త విమానములకెంత ప్రాముఖ్య మిచ్చెనో విరిగినవానికిని అంత ప్రాముఖ్య మిచ్చెను. పొలములలో గూలిన యుద్ధవిమానములను పొడవైన లారీలపై నెక్కించి మరమ్మతు శాలలకు చేర్చెడివారు. బాగుపడుటకు వీలులేని విమానమును విప్పి, దాని భాగములతో ఇతర విమానములను నిలబెట్టెడివారు. ఆ పోరాటపు నెలలలో దళములకు అందిన యుద్ధవిమానములలో ఇంచుమించు మూడవ వంతు మరమ్మతు శాలలనుండి తిరిగి వచ్చినవే.

హెలికాప్టరుల విషయమున పెద్ద పరీక్ష వియత్నాం యుద్ధమున జరిగినది. అడవులలో గూలిన చిన్న హెలికాప్టరులను చినూక్ అను పెద్ద హెలికాప్టరు త్రాళ్లతో వ్రేలాడదీసి తెచ్చెడిది. ఇట్లు తేబడినవి పదివేలకు పైబడినవి. 1966 నుండి ‘కార్పస్ క్రిస్టీ బే’ అను నౌకను ఆ తీరమున తేలియాడు మరమ్మతు శాలగా నిలిపిరి.

భారతదేశమునకు కూడ ఇట్టి చరిత్ర గలదు. అది చిన్న విమానముల కథ కాదు, నాలుగు ఇంజనుల లిబరేటర్ బాంబరుల కథ. అయినను పాఠము ఒక్కటే. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప ఈ విమానములను కాన్పూరులో బుద్ధిపూర్వకముగా పాడుచేసి వదలిపోయిరి. ఎవరికిని పనికిరాకుండుటకై ఇంజనులలో ఇసుక పోసిరి, పరికరములను పగులగొట్టిరి. 1948లో బెంగుళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థవారు ఆ గుట్టను చూచి వెనుదిరుగలేదు. ఒకదాని లోటును మరియొకదాని భాగముతో పూరించి, ఎగురుటకు చాలినంత మాత్రము బాగుచేసిరి. వానిని సంస్థ పరీక్షా వైమానికుడు జంషెడ్ కైకోబాద్ మున్షీ ఒక్కొక్కటిగ బెంగుళూరునకు నడిపించుకొని పోయెను. అచట పూర్తిగ విప్పి, కడిగి, పరీక్షించి, తిరిగి కూర్చిరి. అట్లు నలుబదికి పైగా బాంబరులు వైమానిక దళమునకు సమకూడినవి. అవి 1968 వరకు సేవచేసినవి.

ఇక పని జరుగు తీరును గమనింపవలెను. విమానము కూలినంతనే ఎవరును ముట్టరాదు. మొదటి హక్కు దర్యాప్తు జరుపువారిది. భారతదేశమున 2012లో విమాన ప్రమాద దర్యాప్తు సంస్థ ఏర్పడినది. ప్రమాద కారణమును చెప్పవలసిన సాక్షి ఆ శిథిలమే గనుక, వారు అనుమతించిన పిదపనే దానిని కదల్పవలెను. అనుమతి వచ్చిన తరువాత మొదట బ్యాటరీ తీగలను విప్పుదురు, పెట్రోలును తోడివేయుదురు. రెక్కలను కోయక, వానిని పట్టియుంచిన బోల్టులను విప్పి వేరుచేయుదురు. త్రాళ్లను ఎక్కడబడిన అక్కడ బిగింపరు. బరువు నోర్చుటకు ఏర్పడిన చోట్లనే బిగింతురు. కూలుటలో చెడని భాగము మోయుటలో చెడుట తరచుగ జరుగు నష్టము. సముద్రమున పడినదైనచో వెంటనే మంచినీటితో కడుగవలెను. ఉప్పునీరు అల్యూమినియమును తెల్లని పొడిగ మార్చును. మెగ్నీషియముతో పోతపోసిన భాగములను మరింత త్వరగా తినివేయును. విప్పిన ప్రతి భాగమునకును చీటీ కట్టి, అది ఏ విమానము నుండి వచ్చినదియు, దాని సంఖ్య యేదియు, అది ఎన్ని గంటలు ఎగిరినదియు వ్రాయవలెను.

పిదప పరీక్షలు. కుండ కొనువాడు వేలితో కొట్టి మ్రోత వినును; ఖంగుమన్నచో తీసికొనును, బొంగురుగా పలికినచో వదలివేయును. హెలికాప్టరు రోటారు రెక్కలలో పొరలు అంటుకొనియున్నవో, విడిపోయినవో తెలియుటకు మెకానిక్కు నాణెముతో తట్టి వినుట నేటికిని గలదు. ఉక్కు భాగములలోని సన్నని పగులును కనుగొనుటకు దానిని అయస్కాంతముగ చేసి ఇనుపరజను చల్లుదురు. పగులున్నచోట రజను గీతవలె పేరుకొనును. అల్యూమినియము అయస్కాంతమునకు లొంగదు గనుక ఎఱ్ఱని రంగుద్రవమును పూసి, తుడిచి, తెల్లని పొడి చల్లుదురు. పగులులో దాగిన రంగు పైకి ఉబికివచ్చును.

మంట సోకిన భాగము విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును. కమ్మరి కత్తికి పెట్టిన పదును మరల మంటలో పడినచో పోవును గదా! విమానపు అల్యూమినియము గట్టిదనమును అట్లే వేడిచే కల్పించినది. ప్రమాదపు మంట దానిని హరించును. రేకు వంగకపోవచ్చును, రంగు కొంచెము మాడియుండవచ్చును, అంతే. ఆ మాడిన రంగే హెచ్చరిక.

కూర్చుండు పీఠములు, తలుపులు, కిటికీలు, చక్రములు, బ్రేకులు, రేడియోలు సాధారణముగ పరీక్షకు నిలుచును. తిరుగు చక్రములు గల దిక్సూచక పరికరములు పైకి చక్కగా కనబడినను లోపలి బేరింగులు దెబ్బతినియుండును గనుక, విప్పి చూడనిదే వాడరాదు. ప్రమాదమున మనిషిని పట్టి నిలిపిన నడుముపట్టీ తన పని తాను చేసి ముగించినది. దానిని మరల వాడుట తగదు.

ఇంజను సంగతి వేరు. ఇంజను తిరుగుచుండగా ప్రొపెల్లరు నేలను కొట్టుకొని ఆగినచో, ఆ దెబ్బ లోపలి క్రాంక్ షాఫ్టు వరకు పోవును. పైన గీతకూడ ఉండకపోవచ్చును. అందువలననే లైకమింగ్ ఇంజనుల విషయమున 2004లో అమెరికా ప్రభుత్వ వైమానిక శాఖ ఒక ఆదేశము నిచ్చినది. ప్రొపెల్లరు దేనినైన కొట్టుకొన్నచో క్రాంక్ షాఫ్టు వెనుక నున్న పండ్లచక్రమును, దాని అతుకును పరీక్షించి, పట్టియుంచు బోల్టును మార్చితీరవలెను.

హెలికాప్టరులో ఈ కష్టము ఇంకను ఎక్కువ. విమానమునకు రెక్కలు కదలక యుండును; హెలికాప్టరునకు రెక్కలే తిరుగును. తిరుగుచున్న రెక్క చెట్టునో, నేలనో తాకి ఆగినచో ఆ విసురు నిలువు కంబమునకు, గేరుపెట్టెకు, తోకవరకు పోవు షాఫ్టునకు ప్రాకును. కావున అట్టి ప్రమాదమున విలువగల భాగములే ముందుగ విలువ కోల్పోవును. పైగా అందు పెక్కు భాగములకు ఆయుర్దాయము ముందే వ్రాయబడి యుండును. రాబిన్సన్ ఆర్22 అను చిన్న హెలికాప్టరును 2,200 గంటలు ఎగిరినను, 12 సంవత్సరములు నిండినను, ఏది ముందైన అప్పుడు సమగ్రముగ విప్పి బాగుచేయవలెను. ఆయుర్దాయము గల భాగము ఎన్ని గంటలు పనిచేసినదో తెలియనిచో, అది అద్దమువలె మెరయుచున్నను పాత ఇనుముతో సమానము. ఆయువు తీరినదానిని మరల ఎవరును అమ్మకుండ నరికి, వంచి పారవేయుట మంచి వర్తకుల పద్ధతి. అట్టి భాగములు తిరిగి విమానములకు చేరకుండ కట్టుదిట్టము చేయుచు అమెరికాలో 2002లో ప్రత్యేక నిబంధన అమలులోనికి వచ్చినది.

ఇంత కట్టుదిట్టము ఏల యను ప్రశ్నకు రెండు సంఘటనలు సమాధానము చెప్పును. 1989 సెప్టెంబరు 8వ తేదీన నార్వే నుండి జర్మనీకి పోవుచున్న కాన్వెయర్ విమానము డెన్మార్కు సమీపమున సముద్రమున కూలినది. అందున్న 55 మందియు మరణించిరి. సముద్రము నుండి శిథిలములను పైకి తీసి పరీక్షింపగా, నిలువు తోకను పట్టియుంచిన బోల్టులలో కొన్ని నకిలీవని, వానికి ఉండవలసిన బలము లేదని తేలినది. అవి చేతిలో పట్టుకొన్నప్పుడు బోల్టులవలెనే యున్నవి. వాని పుట్టుపూర్వోత్తరములు అడుగవలసిన చోట అడుగబడలేదు.

రెండవది 1995 డిసెంబరు 20వ తేదీన కొలంబియా దేశపు కొండలలో జరిగినది. ఒక పెద్ద ప్రయాణికుల విమానము కొండను గ్రుద్దుకొని 159 మంది మృతిచెందిరి. కాపలా చాలని ఆ కొండపైకి దోపిడీదారులు హెలికాప్టరులలో చేరి పరికరములను, ఇంజను భాగములను ఊడదీసికొని పోయిరి. అవి కొన్నాళ్లకు అమెరికాలోని మయామీ నగరపు దొంగ బజారున తేలినవి. విమాన సంస్థవారు పోయిన భాగముల సంఖ్యలతో 14 పుటల జాబితా ప్రకటింపవలసి వచ్చినది. ఆ జాబితా లేనిచో, కొండను గ్రుద్దుకొన్న భాగము మరియొక విమానమున ఎక్కి కూర్చుండెడిది. అందు ప్రయాణము చేయువారికి ఆ సంగతి తెలిసెడిది కాదు.

ఈ రెండు సంఘటనల వలన ఒక్క సత్యము తేలుచున్నది. ప్రాతభాగమును వాడుట దోషము కాదు. చరిత్ర తెలియని భాగమును వాడుటయే దోషము. కాన్పూరు శిథిలముల నుండి బాంబరులను లేపినవారు విరిగినవానినే వాడిరి. అయితే ప్రతిదానిని విప్పి చూచి, పరీక్షించి వాడిరి. అందుచే నేడు ప్రతి విమానమునకును, ప్రతి ఇంజనునకును లాగ్ బుక్కు అను చరిత్ర పుస్తకము ఉండును. బాగుచేసిన భాగమునకు అధికారము గల మరమ్మతు శాలవారు ధ్రువపత్రము నీయవలెను. ధ్రువపత్రము లేనిచో లోహమున లోపము లేకున్నను ఆ భాగము విమానమున కెక్కదు. కాగితము పోయినచో ఇనుము కూడ పోయినట్లే. ఇది అధికారుల చాదస్తము కాదు. ఎగురువాడు ఆ బోల్టును తాను చూడలేడు. దానిని చూచినవాని వ్రాతను నమ్మి ఎగురుచున్నాడు.

గ్రంథాలయమున దీనిని గురించి మాటలాడుట అప్రస్తుతము కాదు. ఇచటి చిట్టాలో ప్రతి పుస్తకమునకును ఒక సంఖ్య గలదు. ఎప్పుడు వచ్చినదో, ఎవరు తీసికొనిపోయిరో, ఏ పుట చిరిగినదో వ్రాయుట గ్రంథపాలకుని విధి. ఆ వ్రాత నిజముగ నున్నంతవరకే గ్రంథాలయము నిలుచును. ఊరిలో ప్రాత ట్రాక్టరును, నూతి మోటారును కొనువారికిని ఇదే నీతి పనికివచ్చును. క్రొత్తరంగును చూచి బేరమాడక, అది ఎచ్చట పనిచేసినది, ఎన్నడు విప్పబడినది, ఏమి మార్చబడినది అని ముందుగ అడుగవలెను. అమ్మువాడు కూడ చెడిన సంగతి దాచక చెప్పవలెను. నూతిలో మునిగి లేచిన మోటారును ఆ మాట దాచి అమ్మినచో, తడిచేతితో దాని మీట నొక్కువాడు పొరుగింటి పిల్లవాడు కావచ్చును.