మన్నా ఆగిపోయిన ఉదయము

మీ దగ్గర బైబిలు ఉంటే యెహోషువ గ్రంథము 5వ అధ్యాయము తెరచి పెట్టుకోండి. 10వ వచనము నుండి 12వ వచనము వరకు ఈ పూట మన ధ్యానభాగము. బైబిలు దగ్గర లేనివారు వింటూ ఉండండి, తరువాత చదువుకోవచ్చును.

ఈ మూడు వచనాలను మనము సాధారణంగా దాటిపోతూ ఉంటాము. వాటికి ముందు యొర్దాను నది ఆగిన సంగతి ఉన్నది, తరువాత యెరికో గోడలు కూలిన సంగతి ఉన్నది. ఆ రెండూ సండే స్కూలు పిల్లలకు కూడా కంఠతా వచ్చు. మధ్యలో ఉన్నది చిన్న సంగతి. ఇశ్రాయేలీయులు గిల్గాలులో పస్కాను ఆచరించారు. మరునాడు ఆ దేశపు పంటతో పులియని రొట్టెలు చేసుకొని తిన్నారు, గింజలు వేయించుకొని తిన్నారు. ఆ తరువాతి దినమున మన్నా ఆగిపోయింది.

ప్రియులారా, కాస్త నిదానించి ఆలోచించండి. 40 సంవత్సరములు పడిన మన్నా అది. గిల్గాలులో దిగిన ఆ జనములో ఎక్కువమంది అరణ్యములో పుట్టినవారే. విత్తనము చల్లిన చేతులు కావవి, కొడవలి పట్టిన చేతులు కావవి. తెల్లవారగానే లేవాలి, ఎండ ముదరకముందే ఏరుకోవాలి, లేకపోతే కరిగిపోతుంది. మనిషికి ఒక ఓమెరు. రేపటికి దాచిపెడితే పురుగు పడుతుంది. ఆరవ దినమున మాత్రము రెండంతలు. వారికి తెలిసిన బ్రతుకుతెరువు ఇదొక్కటే. ఇప్పుడు ఒక తల్లి అలవాటు చొప్పున బుట్ట పట్టుకొని గుడారము బయటికి వచ్చింది అనుకోండి. నేల మీద ఏమీ లేదు. ఆ తల్లిని గూర్చి వాక్యములో వ్రాయబడలేదు, నేను ఊహించి చెప్పుచున్నాను. కాని అటువంటి తల్లులు ఆ ఉదయము వేలమంది ఉండి ఉంటారు. దేవుడు మనలను విడిచిపెట్టెనా అని వారిలో ఒక్కరైనా అనుకొని ఉండరా?

మీ ఇంట్లో కూడా అటువంటి ఉదయము వచ్చి ఉండవచ్చును. 30 ఏళ్లు ఉద్యోగము చేసి మొన్ననే రిటైరైన అన్నా, ఇంకా ఏడు గంటలకే బట్టలు వేసుకొని సిద్ధమై కూర్చుంటున్నావేమో. పిల్లలిద్దరినీ అమెరికా పంపించి, నలుగురికి వండే గిన్నెలో ఇద్దరికి వండుకుంటున్న అమ్మా, మీరు వింటున్నారేమో. భర్త ఉన్నంత కాలము బ్యాంకు మెట్లు ఎక్కని చెల్లీ, ఇప్పుడు ఆ పాసుపుస్తకము పట్టుకొని వరుసలో నిలబడుచున్నావు. పొలము పోయి, ఊరు విడిచి, హైదరాబాదులో ఒక గదిలో కాపురము పెట్టిన కుటుంబాలు ఉన్నవి. నిన్నటివరకు ఉన్నది ఈ ఉదయము లేదు. "ధైర్యంగా ఉండండి" అని అందరూ చెప్పి వెళ్తారు. ఎలాగో చెప్పరు.

అందుకే యెహోషువ దగ్గరకు వెళ్దాము. మొదటి అధ్యాయములో ధైర్యము తెచ్చుకొమ్మనే మాట నాలుగుసార్లు వస్తుంది. 6, 7, 9 వచనములలో దేవుడు చెప్పాడు, 18వ వచనములో ప్రజలు చెప్పారు. యెహోషువ పిరికివాడా? కాదు. అమాలేకీయులతో యుద్ధము చేసినవాడు, వేగు చూచి వచ్చిన పన్నెండుమందిలో కాలేబుతో కలిసి నిలబడినవాడు. అయితే అప్పుడు వెనుక మోషే ఉన్నాడు. ఇప్పుడు మోషే లేడు, 30 దినములు ఏడ్చి ముగించారు. అనుభవము ఉన్నవానికి కూడా కొత్త మార్పు ఎదుట మోకాళ్లు వణుకుతాయి. దేవుడు దానికి కోపగించుకోలేదు, మరల మరల చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ నీ బలము చూచుకో అనలేదు. మోషేకు తోడైయున్నట్లు నీకును తోడైయుందునని తన్ను తాను చూపించాడు. మన ధైర్యమునకు వేరు అక్కడ ఉన్నది.

ఇంకొక సంగతి చూడండి. 3వ అధ్యాయములో యొర్దాను దాటేటప్పుడు మందసమునకు, ప్రజలకు మధ్య 2000 మూరల ఎడము ఉంచమన్నారు. మన లెక్కలో ఒక కిలోమీటరుకు కొంచెము తక్కువ. ఎందుకంటే మునుపెన్నడు వారు ఆ త్రోవను నడిచినవారు కారు. దగ్గరగా గుంపుకూడితే ముందు వరుసవారికే కనబడుతుంది. దూరముగా ఉంటే పిల్లవాడిని చంకనెత్తుకొని వెనుక వచ్చే తల్లికి కూడా కనబడుతుంది. అది కోతకాలము, నది గట్లు దాటి పారుచున్నది. యాజకుల పాదములు నీటిని తాకిన తరువాతనే ఎగువన నీరు ఆగింది. ఒడ్డున నిలబడి చూచేవారికి అంతవరకు నది నదిగానే ఉన్నది.

ఇక్కడ మీలో ఒకరు నన్ను అడుగుతారు. అయ్యగారూ, వాళ్లకైతే ముందు పంట దొరికింది, తరువాత మన్నా ఆగింది. నాకు మన్నా ముందే ఆగిపోయింది, పంట ఎక్కడా కనబడటము లేదు, నేనేమి చేయాలి? మంచి ప్రశ్న. దీనిని తప్పించుకొని ప్రసంగము చేయకూడదు. 1 రాజులు 17వ అధ్యాయము చూడండి. ఏలీయా కెరీతు వాగు దగ్గర ఉన్నాడు. దేవుడే అక్కడ దాగియుండమన్నాడు. అయినా వాన లేక ఆ వాగు ఎండిపోయింది. 7వ వచనములో వాగు ఎండింది, 8వ వచనములోనే సారెపతుకు వెళ్లమనే మాట వచ్చింది. నీరు రోజురోజుకూ సన్నగిల్లుతుంటే ఆ దైవజనుడు చూస్తూ కూర్చున్న దినములు ఎన్నో మనకు వ్రాయబడలేదు. దేవుడు చూపిన చోటనే ఉన్నా వాగు ఎండవచ్చును. కాబట్టి నీ వాగు ఎండితే, నేనేదో పాపము చేశానని వెంటనే తీర్మానించుకోవద్దు. నీ చుట్టూ ఉన్నవారు ఆ మాట అంటే నమ్మవద్దు. సారెపతులో కూడా విధవరాలి ఇంట పిండి కుప్పలుగా పెరగలేదు. పిడికెడు పిండి, కొద్దిపాటి నూనె, అవి తరగలేదు. ఏ రోజుకు ఆ రోజు రొట్టె.

మన తెలుగు క్రైస్తవులకు దగ్గరైన ఒక ఉదాహరణ చెప్పి ముగిస్తాను. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు, 1874లో పుట్టినవాడు. వై.ఎం.సి.ఎ.లో మంచి పని, దేశమంతటా పేరు. 1909లో దానిని విడిచిపెట్టి, నిజాం రాజ్యములోని దోర్నకల్లుకు మిషనరీగా వచ్చాడు. అప్పటికి ఆయన వయస్సు సుమారు 35. భాష తెలియదు. దేశమంతటా సభలలో మాట్లాడిన మనిషి మన పల్లెలలో అ ఆల నుండి తెలుగు నేర్చుకోవలసి వచ్చింది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషపుగా అభిషేకము పొందాడు. ఆంగ్లికన్ సంఘములో బిషపు అయిన మొదటి భారతీయుడు ఆయనే. దానికి తెల్లవారిలోనూ అభ్యంతరాలు వచ్చాయి, మనవారిలోనూ వచ్చాయి. సంఘములు ఏకము కావాలని 1919 నుండి పాటుపడ్డాడు. 1945 జనవరి 1న కన్నుమూశాడు. దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది 1947 సెప్టెంబరు 27న. నెబో కొండ మీద మోషే వలె, దూరమునుండి చూచి వెళ్లిపోయాడు. కాని ఆయన నేర్చుకున్న తెలుగు వ్యర్థము కాలేదు.

అయితే ఆ తల్లి చేతిలోని బుట్ట మాట ఏమిటి? దానిని పారవేయనక్కరలేదు. 40 ఏళ్లు తెల్లవారగానే లేచి దేవుడిచ్చినది ఏరుకున్న అలవాటు ఆమెకున్నది. రేపు అదే వేళకు లేచి, అదే బుట్టతో, ఈసారి పొలము వైపు నడవాలి. మన్నా తినినవారు చనిపోయిరని, తానే పరలోకమునుండి దిగివచ్చిన జీవాహారమని యోహాను సువార్త 6వ అధ్యాయములో ప్రభువు చెప్పాడు. మన్నా ఆగింది, ఆయన ఆగలేదు. రిటైరైన అన్నా, రేపు కూడా ఏడు గంటలకు సిద్ధము కండి. కాని ముందు పది నిమిషములు వాక్యము ఎదుట కూర్చోండి, ఆ తరువాత మీ వీధిలో పలకరించేవారు లేని ఒక ఇంటికి వెళ్లండి. చెల్లీ, బ్యాంకులో ఆ ఫారము నింపటము రాకపోతే సంఘములో ఒకరిని వెంట తీసుకొని వెళ్లు. ప్రజలు కూడా యెహోషువకు ధైర్యము చెప్పారని విన్నావు గదా.

ప్రార్థన చేద్దాము. ప్రేమగల తండ్రీ, ఈ ఉదయము వట్టి బుట్టతో నిలబడిన నీ బిడ్డలను జ్ఞాపకము చేసికొనుము. కొత్త ఊరిలో దారి తెలియనివారికి ముందుగా నడువుము. వాగు ఎండి, ఇంకా నీ మాట రానివారి యొద్ద నీవే కూర్చుండుము. నేటి ఆహారము నేడు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.