ఆటల కంప్యూటరు - ఇంటి పద్దు

నేడు కంప్యూటరు ఇంటి వస్తువులలో ఒకటియైనది. పిల్లల చదువునకు, జమాఖర్చుల లెక్కలకు, ఉత్తర ప్రత్యుత్తరములకు పనికివచ్చు సామాన్యమైన యంత్రమును కొనుట ఏమంత కష్టము కాదు. చిక్కంతయు ఆటల దగ్గర వచ్చుచున్నది. ఆటలాడుటకు వీలైన కంప్యూటరు కావలెనని ఇంటిలోని కుఱ్ఱవాడో, అమ్మాయియో కోరగనే అంగడివారు చెప్పు ధర ఒక తీరుగా ఉండును, తల్లిదండ్రుల చేతనున్న పైకము మరియొక తీరుగా ఉండును. కుండలో కూడు కుండలోనే ఉండవలెను, పిల్లలు బొద్దుగా ఉండవలెను అన్న సామెత గుర్తుకు వచ్చును. అయినను విడిభాగములను ఎంచి కూర్చుకొను పద్ధతిలో ఈ చిక్కును చాలవఱకు తీర్చుకొనవచ్చును. ఏ భాగము గొప్పదని అడుగుటకు ముందు ఏ తెరపై ఆడుదుమో తేల్చుకొనవలెనని మా మొదటి మాట. ఎంపిక తెరతో మొదలై వెనుకకు నడువవలెను.

తెరపై బొమ్మ చుక్కలతో ఏర్పడును. ముగ్గు పెట్టు ఇల్లాండ్రకు చుక్కల లెక్క మేము చెప్పనక్కరలేదు. చుక్కలు పెరిగినకొలది ముగ్గు అందము పెరుగును, చేతి శ్రమయు పెరుగును. 1080 అను పేరుతో అమ్ముచున్న తెరలో అడ్డముగా 1920, నిలువుగా 1080, వెరసి సుమారు 20 లక్షల 73 వేల చుక్కలుండును. 1440 అను తెరలో 36 లక్షల 86 వేల చుక్కలుండును. 4కె అను దానిలో 82 లక్షల 94 వేలు, అనగా మొదటిదానికి సరిగా నాలుగు రెట్లు. ప్రతి బొమ్మకును ఈ చుక్కలన్నిటికి క్రొత్తగా రంగు వేయవలసియున్నది. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు చాలును. ఆటలో 60 అయినను ఉన్నగాని చేతి కదలికకు, కంటి చూపునకు పొత్తు కుదరదు. సెకనుకు 60 బొమ్మలనగా ఒక్కొక్క బొమ్మకు సెకనులో వేయింట 17 వంతుల కాలము కూడ దొరకదు. 144 బొమ్మలు కావలెనన్నచో 7 వంతులు మాత్రమే దొరకును.

కనుక తెర పెద్దదైనకొలది తక్కిన భాగములన్నియు ఖరీదైనవి కావలసివచ్చును. పరిమితమైన పద్దు గలవారికి 24 అంగుళముల 1080 తెర, కొంత వెసులుబాటు గలవారికి 27 అంగుళముల 1440 తెర తగియుండునని మా అభిప్రాయము. మరియొక సంగతి. తెరపై వ్రాసియుండు హెర్ట్జుల సంఖ్యను చూడవలెను. తెర 60 హెర్ట్జులదైనచో లోపలి యంత్రము 140 బొమ్మలు గీచినను కంటికి చేరునవి 60 మాత్రమే. తక్కిన వానికై పెట్టిన పైకము వృథాయే.

తెర నిశ్చయమైన పిమ్మట దానిని పోషించువారెవరో తెలిసికొందము. ఆటలో ఇద్దరు పనివారు కలరు. ప్రాసెసరు ఆట యొక్క లెక్క చూచును. బంతి ఎక్కడ పడినది, శత్రువు ఏ వైపు తిరిగినాడు, ద్వారము తెరచుకొన్నదా లేదా అని నిర్ణయించునది అదియే. గ్రాఫిక్స్ కార్డు ఆ నిర్ణయమును బొమ్మగా గీచి చుక్కలకు రంగు వేయును. వీరిద్దరును జోడెడ్ల వంటివారు. ఒక ఎద్దు ఎంత బలిష్ఠమైనదైనను, బండి నడక రెండవ ఎద్దు నడకను మించదు. గొప్ప ప్రాసెసరును కొని పైకము చాలక చిన్న కార్డును జతచేయుట మన అంగళ్లలో తరచుగా జరుగు పొరపాటు. ఆటల విషయములో పెద్ద శ్రమ కార్డుదే కనుక, పెద్ద పాలు దానికే చెందవలెను.

ఇంట ఇదివఱకే కంప్యూటరు ఉన్నవారు ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చును. ఆటలోని అమరికలలో చుక్కల సంఖ్యను తగ్గించి ఆడవలెను. బొమ్మల వేగము పెరిగినచో లోపము గ్రాఫిక్స్ కార్డులో ఉన్నది. ఏమియు పెరుగనిచో ప్రాసెసరే వెనుకబడియున్నది. ఈ ఒక్క పరీక్షతో మొత్తము యంత్రమును మార్చు వ్యయము తప్పి, ఒక్క భాగముతో పని జరుగవచ్చును.

క్రొత్తగా కూర్చుకొనువారు తెర విడిచి తక్కిన పైకమును నూరు రూపాయలుగా భావించినచో, మేము చెప్పు పంపకము ఇది: గ్రాఫిక్స్ కార్డుకు 40, ప్రాసెసరుకు 17, మదర్‌బోర్డుకు 13, ర్యాముకు 10, ఎస్.ఎస్.డి.కి 8, పవర్ సప్లైకి 7, కేబినెట్టుకు 5. ఇది శాసనము కాదు. ధరలు మారును, పాళ్లు అటునిటు జరుగును. కాని కేబినెట్టు పాలు పెరిగి కార్డు పాలు తగ్గినచో పద్దు త్రోవ తప్పినదని గ్రహింపవలెను.

గ్రాఫిక్స్ కార్డు నెన్నునపుడు దాని సొంత మెమరీని ముఖ్యముగా చూడవలెను. 2025లో వచ్చిన మధ్యతరగతి కార్డులలో ఎన్విడియా వారి ఆర్.టి.ఎక్స్. 5060 కు 8 జి.బి. మెమరీ కలదు. అదే సంస్థ వారి 5060 టి.ఐ.యు, ఎ.ఎం.డి. వారి ఆర్.ఎక్స్. 9060 ఎక్స్.టి.యు ఒకే పేరుతో 8 జి.బి., 16 జి.బి. అని రెండు విధములుగా వచ్చినవి. పేరొక్కటే గదా యని మోసపోరాదు. 1080 తెరపై పోటీ ఆటలకు 8 జి.బి. నేటికిని సరిపోవును. కాని పెద్ద పెద్ద దృశ్యములతో నిండిన క్రొత్త ఆటలకు, 1440 తెరకు 16 జి.బి. మేలు. కంప్యూటరులోని ర్యామును రేపు పెంచుకొనవచ్చును గాని కార్డు మీది మెమరీని పెంచుట గృహస్థునకు సాధ్యము కాదు. తరువాత మార్చుకొనలేని దానిపై నేడు వ్యయము చేయవలెను, తరువాత చేర్చుకొనగల దానిని రేపటికి వదలవలెను. పద్దు వ్రాయునపుడు ఈ సూత్రమును కాగితము పైభాగమున వ్రాసికొనుట మంచిది.

ప్రాసెసరు విషయములో ఆరు కోరులు గలది మధ్యతరగతి యంత్రమునకు చాలును. 2023లో వచ్చిన రైజెన్ 5 7600 ఇందుకు తగిన ఉదాహరణ. ఇది ఎ.ఎం. 5 అను సాకెట్టులో అమరును. ఆ సాకెట్టు 2022లో వచ్చినది. దానికి 2027 వఱకైనను క్రొత్త ప్రాసెసరులను ఇత్తుమని ఎ.ఎం.డి. సంస్థ ప్రకటించినది. కనుక కొన్నియేండ్లకు బోర్డు మార్చకయే ప్రాసెసరును మాత్రము మార్చుకొనవచ్చును. పేరు చివర ఎఫ్ అను అక్షరము గల ఇంటెల్ ప్రాసెసరులలో బొమ్మ చూపు ఏర్పాటు ఉండదు. కార్డు చెడినదినమున ఆ కంప్యూటరు తెర చీకటిగానే ఉండును. ధర తగ్గుటకు అదియే కారణమని తెలిసి కొన్నచో తప్పులేదు. ఇక మదర్‌బోర్డు. దానిపై మెరయు దీపములు ఆటను ఒక్క బొమ్మయైనను వేగిరపరుపవు. ప్రాసెసరునకు సరిపడు సాకెట్టు, ర్యాముకు గదులు, ఎస్.ఎస్.డి.కి చోటు ఉన్నచో చాలును.

ర్యాము గుఱించి కొంత విపులముగా చెప్పవలసియున్నది. కృత్రిమ మేధ కొఱకు నిర్మింపబడుచున్న మహా గణన కేంద్రములు మెమరీ చిప్పులను పెద్దయెత్తున కొనుటచే 2025 చివరి మాసములలో ర్యాము ధరలు ప్రపంచమంతట ఒక్కసారిగా ఎగసినవి. మైక్రాన్ సంస్థ క్రూషియల్ అను పేరుతో గృహస్థులకు చేయు అమ్మకమును విరమింతుమని 2025 డిసెంబరులో ప్రకటించినది కూడ. ఇట్టి రోజులలో 32 జి.బి.కై పోయి కార్డును తగ్గించుకొనుటకంటె 16 జి.బి.తో ఆరంభించుట వివేకము. ఆ 16ను ఒకే పలకగా గాక 8 చొప్పున రెండు పలకలుగా అమర్చినచో ప్రాసెసరునకు రెండు దారులు తెరచుకొనును, వేగము పెరుగును. పాత కంప్యూటరులోని డి.డి.ఆర్. 4 పలకలు డి.డి.ఆర్. 5 బోర్డులో పట్టవు. వాని గాడి స్థానమే వేఱు. పాత పలకలున్నవను ధైర్యముతో క్రొత్త బోర్డు కొనువారు ఇది గమనింపవలెను.

ఆటలను దాచుకొనుటకు ఎస్.ఎస్.డి. తప్పనిసరి. నేటి ఆటలలో కొన్ని ఒక్కొక్కటి 100 జి.బి.కి పైబడి చోటు అడుగుచున్నవి. కనుక 1000 జి.బి. ఉన్నచో ఊపిరియాడును, 500తోను మొదలుపెట్టవచ్చును. పాత హార్డ్ డిస్కును పారవేయనక్కరలేదు, ఫొటోలకు, పాటలకు దానిని ఉంచుకొనవచ్చును.

ఇక మన శ్రోతలందఱు ప్రత్యేకముగా మనస్సున ఉంచుకొనవలసినది పవర్ సప్లై. రేడియోలో వాల్వుల కాలము నుండి ఇంటింట తెలిసిన సత్యమే ఇది: కరెంటు నిలకడగా రానిచో ఎంత మంచి సెట్టయినను పాడగును. కంప్యూటరులో ప్రతి భాగమును పవర్ సప్లై మీదనే ఆధారపడియున్నది. నాసిరకపు పెట్టె కాలునపుడు తానొక్కటియే కాలక, నలుబది వంతుల వ్యయముతో కొన్న కార్డును కూడ వెంటగొనిపోవచ్చును. లెక్క చూడుడు: పైన చెప్పిన ఆర్.ఎక్స్. 9060 ఎక్స్.టి. 16 జి.బి. కార్డు 160 వాట్లు, 7600 ప్రాసెసరు పూర్తి శ్రమలో 88 వాట్లు, తక్కినవన్నియు కలిసి ఒక 50 వాట్లు. మొత్తము 300 వాట్లకు మించదు. పేరుగల తయారీదారుల 550 వాట్ల పెట్టె నిబ్బరముగా సరిపోవును. 80 ప్లస్ అను ముద్ర 2004 నుండి వాడుకలోనున్నది. అది విద్యుత్తు ఎంత తక్కువ వృథాయగునో చెప్పును గాని, పెట్టె అన్నివిధముల భద్రమైనదని చెప్పదు. కనుక ముద్రతోపాటు హామీ ఎన్నియేండ్లో చూడవలెను. గోడ ప్లగ్గులో ఎర్తింగు సరిగా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియనుచే ముందుగా పరీక్షింపజేయవలెను. యు.పి.ఎస్. కొనువారు దానిపై 600 వి.ఎ. అని వ్రాసియున్నంత మాత్రమున 600 వాట్లని భావింపరాదు. సామాన్యముగా అది 360 వాట్లకు మించి ఈయదు.

వాట్ల లెక్క నెల చివర మీటరు లెక్కగా మారును. 300 వాట్ల యంత్రమును దినమునకు 4 గంటలు ఆడించినచో 1.2 యూనిట్లు, నెలకు 36 యూనిట్లు. స్లాబుల పద్ధతిలో బిల్లు కట్టు మనవంటి వారికి ఈ 36 యూనిట్లు రేటునే మార్చివేయవచ్చును. ఈ లెక్కను ఆట ఆడువారి చేతనే వ్రాయించుట మంచిది.

కేబినెట్టు విషయములో ‘పై పటారము, లోన లొటారము’ అన్నట్లు కానీయరాదు. ముందువైపు నిండుగా అద్దము బిగించిన పెట్టె చూపునకు ముచ్చటగా ఉండును గాని, రెంటచింతల, రామగుండము, విజయవాడ ఎండలలో లోపలి వేడి వెలుపలికి పోవు దారి ఉండదు. వేడి హెచ్చినచో ప్రాసెసరు, కార్డు తమ వేగమును తామే తగ్గించుకొనును. కొన్న వేగము వేసవిలో దక్కదన్నమాట. ముందువైపు జల్లెడవంటి రేకు, రెండు మూడు ఫ్యానులు గల సాదా పెట్టెయే మేలు. కొన్ని నెలలకొకసారి దుమ్ము దులుపుట మఱువరాదు.

సెకండ్‌హ్యాండు కార్డులు చౌకగా దొరకును. 2022 సెప్టెంబరులో ఈథీరియము అను డిజిటలు నాణెము తన పద్ధతి మార్చుకొనుటతో రేయింబవళ్లు గనితవ్వకమునకు వాడబడిన కార్డులు అనేకము సంతకు వచ్చినవి. అట్టి కార్డును కొనదలచినచో కనీసము అరగంట ఆట ఆడించి, ఫ్యాను శబ్దమును విని, తెరపై మచ్చలు రాకున్నచో మాత్రమే పైకము ఈయవలెను. సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు గాని, చెన్నపట్టణములోని రిచీ వీధి గాని వెళ్లువారు మూడు నాలుగు అంగళ్లలో ధర విచారింపవలెను. రసీదు లేకుండ తీసికొన్నచో 18 వంతుల జి.ఎస్.టి. తగ్గింతుమను మాట చెవికి ఇంపుగా ఉండును. కాని భాగము చెడిననాడు హామీకి ఆధారము ఆ రసీదే. ప్రతి భాగము యొక్క సీరియలు సంఖ్యయు దానిపై ఉండవలెను.

ఇంతకును పైకము చాలనిచో ఏమి చేయవలెను? అన్ని భాగములను కొంచెము కొంచెము తగ్గించి కొనుట ఒక మార్గము, కాని అది మంచి మార్గము కాదు. 2024లో వచ్చిన రైజెన్ 5 8600జి వంటి ప్రాసెసరులో బొమ్మలు గీయు శక్తి కొంత ఇమిడియున్నది. దానితో 1080 తెరపై తేలిక ఆటలను తగ్గించిన అమరికలతో ఆడుకొనవచ్చును. చదువు పనులన్నియు చక్కగా సాగును. మంచి పవర్ సప్లై, మంచి బోర్డు ముందే ఉన్నచో, ఏడాదికో రెండేండ్లకో పైకము కూడినపుడు కార్డు నొక్కటి తెచ్చి అమర్చిన చాలును. ఇల్లు కట్టువారు పునాది పటిష్ఠముగా వేసి మేడను తరువాతికి వదలుట లేదా? ఇదియు అట్టిదే.

కంప్యూటరు అంగడిలో కంటికి కనబడునవి దీపములు, అద్దములు, పెద్ద పెద్ద సంఖ్యలు. ఇంటికి వచ్చిన తరువాత మనతో కాపురము చేయునవి పవర్ సప్లై, గాలి, మెమరీ, మీటరు. తెర ఏదో ముందు నిశ్చయించి, కార్డునకు ప్రాసెసరునకు సమముగా జోడు కుదిర్చి, పద్దును ఇంటిల్లిపాది కూర్చుండి వ్రాసికొన్నచో పిల్లల కోరికయు తీరును, పెద్దల నిదురయు చెడదు. అంగడికి పోవునపుడు ఆ కాగితమును చేతనుంచుకొని, అందులో లేని వస్తువును ఎవరు చెప్పినను ఆ దినమున కొనక తిరిగి రావలెనని మా మనవి.