‘ఉల్లంఘన’ అనే మాట ఎవరిది?

 

ఈ రోజు ఒక్క మాట గురించే మాట్లాడతాను. ఉల్లంఘన. ఇది మన గూడేల్లో పుట్టిన మాట కాదు. నోటీసు కాగితం మీద వస్తుంది, స్టేషన్‌లో వినిపిస్తుంది. వినగానే తప్పు మనదే అన్నట్టు తల దించుకుంటాం.

లంఘనం అంటే దూకడం. హనుమంతుడు సముద్రం దాటితే సముద్ర లంఘనం అన్నారు కదా, అదే. ఉల్లంఘన అంటే గీత మీంచి దూకి అవతలికి పోవడం. అంటే ముందు గీత ఒకటి ఉండాలి. అది ఏ గీత, ఏ చట్టంలో, ఏ సెక్షన్‌లో ఉందని మీరు అడగొచ్చు.

మన 1/70 అలాంటి గీతే. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో గట్టిపరిచారు. ఏజెన్సీలో భూమి గిరిజనులకు, గిరిజనుల సహకార సంఘాలకు తప్ప ఇంకెవరికి బదిలీ చేసినా చెల్లదు. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. అతని చేతిలో ఉన్న భూమి ఆదివాసీ దగ్గర్నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే, మనం కాదు.

మరి మన అర్జీల్లో ఏం రాస్తున్నాం? ‘అయ్యా, నా భూమి పోయింది, దయతో ఇప్పించండి.’ భూమికి కాళ్లున్నాయా పోవడానికి? ‘ఫలానా ఆయన, ఫలానా సంవత్సరంలో, 1/70 చట్టం సెక్షన్ 3ని ఉల్లంఘించి నా భూమి తీసుకున్నాడు’ అని రాయండి. అప్పుడు మీరు దయ అడగడం లేదు.

ఇంకో సంగతి. ఆఫీసు కాగితాల్లో ‘ఉల్లంఘన జరిగింది’ అని రాస్తారు. వాన కురిసింది అన్నట్టు! ఎవరు చేశారో ఆ వాక్యంలో ఉండదు. ‘ఉల్లంఘించారు’ అని రాస్తే ఎవరు అనే ప్రశ్న వెంటనే వస్తుంది. అందుకే పేరు పెట్టి రాయాలి.

పోడు దగ్గర మాత్రం మన పేర్లు బాగానే రాస్తారు, ‘ఆక్రమణదారు’ అని. కానీ 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(5) చదవండి. హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా సాగులో ఉన్న ఆదివాసీని ఖాళీ చేయించకూడదు. ఆ లోపు వచ్చి చేను దున్నేసినవాళ్లు గీత దాటినట్టా, మనమా?

సర్కారుకు ఇది వర్తించదు అనేవాళ్లకు 1997 సమతా తీర్పు చూపించండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో గనుల లీజు ప్రైవేటు వాళ్లకిస్తే ప్రభుత్వమైనా ఆ నిబంధన కిందికే వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది.

భూమి అర్జీ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్‌కు ఇవ్వండి. ‘ఘ’ రాయడం రాక ‘ఉల్లంగన’ అని రాసినా ఫర్వాలేదు, తీసుకోవాల్సిందే. రసీదు మాత్రం అడిగి తెచ్చుకోండి.