వర్తకుని వాక్యము నానుడి యగుట

సామెతలకు కర్తలు కానరారు. అవి జనుల నోట పుట్టి జనుల నోటనే నిలుచును. కాని ఆంగ్లభాషలో కొన్ని నానుడులకు కర్తయు, పుట్టిన సంవత్సరమును తెలియుచున్నవి. అవి సరకు నమ్ముటకై వర్తకులు కూలి యిచ్చి వ్రాయించిన ప్రకటనవాక్యములు.

ఇంగ్లండులో రాన్‌సీల్ అను కంపెనీ కొయ్యకు పూయు వార్నీషును అమ్ముచు, "డబ్బాపై నేమి వ్రాసియున్నదో సరిగా అదే చేయును" అని 1994లో చాటించెను. నేడు అచ్చటివారు మాటకును చేతకును భేదము లేనివానిగూర్చియు నిట్లే యందురు. 2013లో అప్పటి ప్రధానమంత్రి కామెరాన్, రెండు కక్షలు కలిసి నడపిన తన ప్రభుత్వపు టొడంబడికను రాన్‌సీల్ ఒప్పందమని వర్ణించెను.

అమెరికాలో ఫ్రాన్సెస్ జెరెటీ యను నామె డీ బీర్స్ వజ్రవర్తకులకై 1947లో "వజ్రము శాశ్వతము" అని వ్రాసెను. పెండ్లి నిశ్చయమునకు వజ్రపుటుంగరము వలయునను తలంపును ఆ వాక్యము మిక్కిలి బలపరచినది. వజ్రము బొగ్గు జాతిదే. తీవ్రమగు వేడిమిలో గాలి తగిలిన నది మండిపోవునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవోయిసియరు 1772లోనే పరీక్షించి చూచెను.

మొదటి వాక్యమును డబ్బా తెరచి, కొయ్యకు పూసి, శోధింపవచ్చును. రెండవదానిని కొన్నవాడు తన జీవితకాలములో నెట్లు శోధించును? కనుకనే అది మనస్సును సులభముగా లోబరచుకొనును.

యథార్థము పలుకువాడే ఆప్తుడనియు, ఆతని వాక్యమే ప్రమాణమనియు మన తార్కికులు చెప్పిరి. వినసొంపు ప్రమాణము కాదు. అమ్మువాని మాటను సామెతగా వాడువారు కూలి లేకయే ఆతని సరకును చాటుచున్నారు. కావున క్రొత్త నానుడి వినినప్పుడు, అది యెవరి లాభమునకై పుట్టినదో విచారింపుడు.