విస్తరిలో వరుస మార్చవలెను
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగనాడు శస్త్రచికిత్సల ప్రసక్తి ఏల యని మీరనుకొనవచ్చును. సభ ముగియగానే భోజనములు కలవు. నేను చెప్పదలచినది ఆ భోజనములను గూర్చియే. నేను వైద్యుడను గాను. కళాశాలలో చరిత్ర చదివి, కచేరీలో కాగితములు నడపువాడను. అయినను స్థూలకాయమునకు శస్త్రచికిత్స చేయించుకొని నాలుగేండ్లయినది గనుక, అనుభవించినవాడనుగా మాటలాడుచున్నాను.

ఈ చికిత్సలలో ‘స్లీవ్’ అనుదానియందు జీర్ణకోశములో నూటికి 75 నుండి 80 పాళ్లు తొలగించి, మిగిలినదానిని సన్నని గొట్టమువలె ఉంచుదురు. ‘బైపాస్’ అనుదానియందు చిన్న సంచిని వేరుచేసి, దానిని ప్రేవులకు నేరుగా కలుపుదురు. ఏ పద్ధతియైనను రోగికి మిగులునది కొద్దిపాటి చోటు. మొదట ద్రవములు, పిమ్మట మెత్తని పదార్థములు, కొన్ని వారములకు మామూలు ఆహారము. అచ్చటనుండియే అసలు పరీక్ష ఆరంభమగును.

మన విస్తరి చూడుడు. నడుమ అన్నపు రాశి, దానిలో కలుపుకొనుటకు పప్పు, చిట్టచివర పెరుగు. ఉడికిన అన్నము 100 గ్రాములలో పిండిపదార్థము సుమారు 28 గ్రాములు. మాంసకృత్తులు 3 గ్రాములకు లోపే. చికిత్స పొందినవారికి సాధారణముగా వైద్యులు విధించునది దినమునకు కనీసము 60 గ్రాముల మాంసకృత్తులు. నాలుగు ముద్దలకే కడుపు నిండువాడు అన్నముతో ఆరంభించినచో ఈ లెక్క కుదరదు. బరువు తగ్గును, నిజమే. కాని క్రొవ్వుతోపాటు కండయు కరగును.

ఆరవ మాసమున నా స్థితి అదియే. “ఎంత సన్నబడితిరండీ!” యని మిత్రులు మెచ్చుకొనుచుండగా, నేను సాక్చీ బజారునుండి కూరల సంచి మోయలేక దారిలో రెండుమార్లు కూర్చుంటిని. దువ్వెన నిండ జుట్టు వచ్చుచుండెను. అప్పుడు వైద్యుని మాట విని వరుస మార్చితిని. ముందు గ్రుడ్డో, చేపయో, గట్టి పప్పో, పెరుగో, తరువాత కూర, చివర చోటున్నచో రెండు ముద్దల అన్నము. భోజనముతో నీరు త్రాగను, అరగంట యాగుదును. గ్రుడ్డులో 6 గ్రాములు, పావు లీటరు పాలలో 8 గ్రాములు మాంసకృత్తులున్నవి. ఇచ్చట వీధివీధిన దొరకు సత్తు మంచిదే. 100 గ్రాములలో సుమారు 20 గ్రాములున్నవి. కాని పిండిపదార్థము దానికి దాదాపు మూడింతలని మరువరాదు. మూత్రపిండముల వ్యాధి కలవారు తమ వైద్యునడిగియే ఈ కొలతలు నిర్ణయించుకొనవలెను.

తీపి సంగతి వేరు. ఒక పెండ్లి విందులో వద్దన్నను వినక, ఒక పెద్దావిడ “ఒక్క బొబ్బట్టు తిను నాయనా” యని వడ్డించినది. కాదనలేక తింటిని. పావుగంటలో ఒళ్లంతయు చెమట, గుండెదడ, కండ్లకు చీకట్లు. చక్కెర ఆగక ప్రేవులలోనికి దిగి, నీటిని తనవైపు లాగుకొనుటవలన ఇట్లగును. కొందరికి గంట మొదలు మూడు గంటలలోపల రక్తములో చక్కెర అమితముగా పడిపోవుటయు కలదు.

ఇంకొక మాట. మన పెద్దలనేకులు శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి ఇచ్చటి ఉక్కు కర్మాగారమునకు వచ్చినవారు. ఆ ఉత్తర సర్కారులలో ఒకప్పుడు మరపట్టిన తెల్లబియ్యమే ప్రధానాహారమగుటవలన బెరిబెరి యుండెడిది. దానికి హేతువు థయామిన్ అను విటమిను లోపము. శస్త్రచికిత్స పిమ్మట వాంతులాగకున్నచో అదే లోపము కొన్ని వారములలోనే కలిగి, నరములను, మెదడును దెబ్బతీయగలదు. వాంతులను ఓర్చుకొనుట ధైర్యము గాదు. వెంటనే వైద్యుని చూడవలెను. బి12, ఇనుము, కాల్షియము, విటమిన్ డి మొదలగువానిని వైద్యుడు చెప్పినట్లు జీవితాంతము వాడుచు, రక్తపరీక్షలు మానకుండవలెను.

ఇక నా విన్నపము. కొసరి వడ్డించుట మన మర్యాద. దానిని మానుడని యనను. కాని నేడు మీ పంక్తిలో ఎవరేని విస్తరిపై చేయి అడ్డము పెట్టినచో, అది బెట్టు గాదని గ్రహించి ముందునకు సాగుడు. ఆయన విస్తరిలో మరికొంచెము గట్టి పప్పు వేయుడు. అంతకు మించిన ఆదరణ ఆయనకు అక్కరలేదు.

సెలవు.