పట్టుకోను, పక్కనే ఉంటాను

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, పనికొచ్చే సాంకేతిక విషయం ఏదైనా పది నిమిషాలు చెప్పు" అన్నారు. ముప్పై ఏళ్ళుగా యంత్రాల మధ్యే బతుకుతున్నాను. కానీ ఈ బడి ముందు నిలబడి చెప్పదగ్గ యంత్రం నాకు ఒక్కటే తోచింది. సైకిలు. దాని గురించి చెప్పాలంటే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

మా అమ్మాయికి ఏడేళ్ళప్పటి మాట. హైదరాబాదులో మా కాలనీ వీధిలో సైడు చక్రాలున్న సైకిలు రెండేళ్ళు తొక్కింది. ఒక ఆదివారం పొద్దున ఆ చక్రాలు విప్పేసి, సీటు వెనక పట్టుకుని "తొక్కమ్మా" అన్నాను. "నాన్నా, వదలవు కదా?" అంది. "వదలను" అన్నాను. ఇరవై గజాలు వెళ్ళాక వదిలేశాను. తండ్రులందరూ చేసే పనే కదా, తెలియకుండా వదిలేస్తే అదే వచ్చేస్తుంది అనుకున్నాను. కాస్త దూరం బాగానే వెళ్ళింది. నా అడుగుల చప్పుడు వినపడకపోయేసరికి వెనక్కి తిరిగి చూసింది. హేండిలు మెలి తిరిగి, చెయ్యి ఆనించి పడింది. మణికట్టు దగ్గర ఎముక చిట్లింది.

ఆసుపత్రిలో ఏడుపు ఆగాక నాతో ఒకే మాట అంది. "వదలనన్నావుగా."

కట్టు విప్పాక చెయ్యి బాగైంది. కానీ ఏడాదిపాటు తను సైకిలు ముట్టుకోలేదు. అంతకన్నా నన్ను బాధపెట్టింది ఇంకొకటుంది. పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి "నొప్పెయ్యదు తల్లీ" అంటే, వాళ్ళమ్మ వైపు తిరిగి "నిజమేనా అమ్మా?" అని అడిగేది. నేను చెప్పిన ప్రతి మాటకూ అదే ప్రశ్న.

అప్పుడు నాకు మన డ్రిల్లు మాస్టారు గుర్తొచ్చారు. ఆయన ఈ రోజు మన మధ్య లేరు. మన గ్రౌండుకు ఒక పక్క కాలవ గట్టు, గట్టు మీంచి గ్రౌండులోకి దిగే వాలు మీ అందరికీ తెలుసు. నేను ఆరో తరగతిలో ఉండగా బజారులో గంటకు అర్ధ రూపాయికి పిల్లల సైకిలు అద్దెకిచ్చేవారు. దాన్ని తెచ్చుకుని, ఇద్దరు స్నేహితులు చెరో పక్కా పట్టుకుంటే, ముగ్గురం కలిసి పడుతున్నాం. మాస్టారు చూసి వాళ్ళిద్దర్నీ పక్కకు జరగమన్నారు. సీటు బాగా కిందికి దింపించారు. వాలు మొదట్లో నన్ను నిలబెట్టి, "పెడల్ జోలికి పోకు. భయమేస్తే రెండు కాళ్ళూ నేలకు ఆనించు. నేను పట్టుకోను. పక్కనే పరిగెత్తుతాను" అన్నారు.

మెళ్ళో ఈల ఊగుతుంటే నిజంగానే పక్కన పరిగెత్తారు. ఆ సాయంత్రం ఎన్నిసార్లు గట్టెక్కి దిగామో లెక్కలేదు. రెండో రోజు నేనే పెడళ్ళ మీద కాళ్ళు పెట్టాను. ఆయన ఒక్కసారి కూడా సీటు పట్టుకోలేదు. పట్టుకుంటానని అబద్ధమూ చెప్పలేదు.

ఆ పద్ధతి ఎందుకు పనిచేసిందో తర్వాత ఇంజనీరుగా ఆలోచించాను. సైకిలు ఎడమకు ఒరిగితే హేండిలు ఎడమకే తిప్పాలి. అప్పుడు చక్రాలు మళ్ళీ మన బరువు కిందికి వస్తాయి. తొక్కుతున్నంతసేపూ మనం చేసేది అదే. అటు కొంచెం, ఇటు కొంచెం పడబోతుంటాం, పడబోయే వైపే తిప్పి సర్దుకుంటాం. సైడు చక్రాలుంటే సైకిలు ఒరగదు, కాబట్టి సర్దుకోవడమూ రాదు. పైగా మలుపులో లోపలికి ఒరగాల్సింది పోయి, బయటి పక్క చక్రం మీద బరువు వెయ్యడం అలవాటవుతుంది. అంటే మా అమ్మాయి రెండేళ్ళు నేర్చుకున్నది మూడు చక్రాల బండి తొక్కడం. సీటు పట్టుకున్న నా చెయ్యి కూడా ఇంకో సైడు చక్రమే.

తిరిగే చక్రాలకుండే గైరోస్కోపు గుణం వల్లే సైకిలు పడదని మనలో చాలామందిమి విన్నాం. 1970లో డేవిడ్ జోన్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, ఆ గుణాన్ని రద్దు చెయ్యడానికి ఎదురు దిక్కున తిరిగే ఇంకో చక్రాన్ని బిగించి చూశాడు. అయినా తొక్కగలిగాడు. 2011లో డెల్ఫ్ట్, కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఆ గుణం లేకుండానే, మనిషి ఎక్కకపోయినా పడకుండా వెళ్ళే చిన్న బండి చేసి చూపించారు. ఒరిగిన వైపుకు తిరగడమే అసలు కిటుకు. అసలు 1817లో జర్మనీలో కార్ల్ ద్రాయిస్ చేసిన రెండు చక్రాల బండికి పెడళ్ళే లేవు. కాళ్ళతో నేలను తన్నుకుంటూ వెళ్ళేవారు. పెడళ్ళు వచ్చింది 1860లలో. లోకం కూడా ముందు నిలబడటం నేర్చుకుని తర్వాతే తొక్కడం నేర్చుకుంది.

ఏడాది తర్వాత మా అమ్మాయి దగ్గర కూర్చుని, "ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను, తప్పు నాదే" అన్నాను. "ఈసారి పట్టుకోను, ముందే చెబుతున్నా. పక్కనే ఉంటాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు నువ్వే కాళ్ళు ఆనించుకోవచ్చు" అన్నాను. చాలాసేపు ఆలోచించి సరేనంది.

పద్ధతి చెబుతాను, ఇళ్ళల్లో పనికొస్తుంది. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనేలా సీటు దింపండి. 15 నంబరు స్పానరుతో పెడళ్ళు విప్పెయ్యండి. ఎడమ పెడల్‌కు మర రివర్సులో ఉంటుంది, మామూలుగా విప్పబోతే ఇంకా బిగుస్తుంది. అన్నిటికన్నా ముందు బ్రేకులు నొక్కడం నేర్పండి. తర్వాత సీటు మీద కూర్చుని నడవాలి, కాళ్ళతో తన్నుకుంటూ పోవాలి, ఆ పైన కాళ్ళెత్తి జారాలి. కొద్దిపాటి వాలు చాలు, కింద ఖాళీ స్థలం ఉండాలి. హెల్మెట్ తప్పనిసరి. చూపు ముందు చక్రం మీద కాదు, దూరంగా ఉండాలి. కాళ్ళెత్తి పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ధీమాగా వెళ్ళగలిగితే పెడళ్ళు బిగించవచ్చు.

మా అమ్మాయి అయిదో రోజు సాయంత్రం తనే పెడళ్ళు పెట్టమంది. నేను పక్కన పరిగెడుతుంటే, "కొంచెం జరుగు నాన్నా, అడ్డమొస్తున్నావు" అంది. జరిగాను. వీధి చివర మలుపు తిరిగి వచ్చింది. ఆ తర్వాత కూడా చాలా రోజులు వాళ్ళమ్మను "నిజమేనా?" అని అడగడం మానలేదు. ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు.

ఇక్కడున్న మనం తల్లిదండ్రులం, ఉపాధ్యాయులం. పిల్లలకు ధైర్యం రావాలని చిన్న చిన్న అబద్ధాలు చెబుతుంటాం. "సులువే", "నొప్పి ఉండదు", "నేను చూసుకుంటాను" అంటుంటాం. కష్టం ఎంతో, మన సాయం ఎంతవరకో ముందే చెబితే పిల్లలు తట్టుకోగలరు. నాకు ఈ బడిలో ఒకరు అలా చెప్పారు. అది నేను ఇంటికి తీసుకెళ్ళడానికి చాలా ఏళ్ళు పట్టింది.

చివరగా ఒక ప్రతిపాదన. ఆరో తరగతిలో చేరే పిల్లల్లో సైకిలు రానివాళ్ళు ఇప్పటికీ ఉన్నారని ప్రధానోపాధ్యాయులు చెప్పారు. మన సంఘం తరఫున నాలుగు చిన్న సైకిళ్ళు బడికి ఇద్దాం. రెండు నేను తెస్తాను. మిగతా రెండూ మీలో ఎవరైనా తెండి. స్పానరు కూడా నాదే. వచ్చే వేసవి సెలవుల్లో వారం రోజులు ఇక్కడే ఉంటాను, ఆ వాలు దగ్గర. పట్టుకోను కానీ, పక్కన పరిగెత్తే ఓపిక ఇంకా ఉంది.